ఐదుంపావు నిమిషాలు

హయత్‌నగర్ దాటాక ఫ్యాక్టరీ గేటు వరకు ముప్ఫై ఐదు కిలోమీటర్లు. గంటకు ఎనభై చొప్పున పోతే ఇరవై ఆరుంపావు నిమిషాలు. వంద చొప్పున పోతే ఇరవై ఒకటి. తేడా ఐదుంపావు నిమిషాలు.

హైవే మీద ఎనభై బోర్డు తీసేసి వంద బోర్డు పెట్టిన వారంలోనే ఈ లెక్క వేశాను. లెక్కలో తప్పేమీ లేదు. ఇప్పటికీ మళ్లీ వేస్తే అదే వస్తుంది. అయినా దాన్ని తలుచుకున్నప్పుడల్లా నా చేతిలో ఏదో విరిగినట్టు అనిపిస్తుంది.

నేను చదువుకున్న లెక్కలవాణ్ణి కాను. డిగ్రీ రెండో సంవత్సరంలో ఆగిపోయింది. మా నాన్న తెనాలి వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడ్డారు. ఆ వీధుల్లో కోచింగ్ పిల్లలు పరీక్షలు అయిపోగానే అమ్మేసిన ఫిజిక్స్ గైడ్లు ఫుట్‌పాత్ మీద కుప్పలుగా దొరికేవి. వాటిని కొనుక్కుని, పిల్లలు పెన్సిల్‌తో గీసిన గీతల మధ్య నుంచి నాకు తెలిసినంత నేర్చుకున్నాను. ఆ అలవాటే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఎల్బీ నగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు. చౌటుప్పల్ వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీకి స్టాఫ్‌ను కార్లలో చేరవేసే కాంట్రాక్టు వాళ్లది. ఏ బండి ఎక్కడ ఎన్నింటికి ఆగాలి, గేటుకు ఎన్నింటికి చేరాలి అన్న టైమ్ చార్టు వేయడం నా పని. పదకొండేళ్లుగా అదే చేశాను. అందరూ నన్ను లెక్కల సార్ అనేవారు.

మా చార్టుకు ఒక పద్ధతి ఉంది. హైవే ముక్కకు బోర్డు మీదున్న వేగాన్నే తీసుకుంటాం. దానికి మధ్యలో ఆగడాలు, సిగ్నళ్ల కోసం పది నిమిషాలు కలుపుతాం. ఆ పది నిమిషాలను డ్రైవర్లు "సార్ పెట్టిన ఊపిరి" అనేవాళ్లు. బండి గేటుకు ఆలస్యంగా చేరితే ఆ రోజు షీటు మీద ఆ టైము చుట్టూ ఎర్ర సున్నా చుడతాను. నెలలో మూడు సున్నాలు పడితే ఆ డ్రైవర్‌ను రూట్ మీద నుంచి తీసేస్తారు. సున్నా చుట్టే పెన్ను నా జేబులోనే ఉండేది.

బోర్డు మారిన వారం ఓనర్ నా టేబుల్ దగ్గరకు వచ్చాడు. హయత్‌నగర్ పక్క ఊళ్లో భూములున్న కుటుంబం ఆయనది. నా వయసే ఉంటుంది.

"సారూ, కంపెనోళ్లు ఒకటే పోరు పెడుతున్రు. స్టాఫ్‌ను పొద్దుగాల పది నిమిషాలు లేటుగ ఎక్కించుకోమంటున్రు. ఇంకో పార్టీ గూడ రేటు పెట్టిండంట. నువ్వు జర సూడు."

"పది నిమిషాలు ఎక్కడ నుంచి వస్తాయండీ?"

"అదే గదా నిన్నడిగేది. రోడ్డు మీద వంద చేసిన్రు గదా. గింత లెక్కలోడివి, పది నిమిషాలు తియ్యలేవా?"

తీయలేనని ఎవరైనా అంటే నాకు పౌరుషం వస్తుంది. నా బలహీనత అదే. వేగం నుంచి ఐదుంపావు తీశాను. మిగతా నాలుగుముప్పావు 'ఊపిరి'లోంచి తీశాను. ఎల్బీ నగర్‌లో బండి కదిలే టైము ఆరూ ఇరవై నుంచి ఆరున్నరకు జరిగింది. ఆరున్నరకు జిల్లాల బస్సులన్నీ ఆ జంక్షన్‌కు చేరుకుంటాయని, ఆ పది నిమిషాల్లోనే జనం రెట్టింపు అవుతారని నాకు తెలుసు. కానీ తెలిసినవన్నీ చార్టులోకి ఎక్కవు.

అదే కాగితం అంచున ఇంకో లెక్క కూడా వేశాను. గైడ్‌లో నేర్చుకున్నదే. ఎనభైలో ఉన్న బండికి ఎదురుగా ఏదో కనిపించి, డ్రైవర్ ఒక్క సెకనులో తేరుకుని గట్టిగా బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద సుమారు యాభై ఏడు మీటర్లలో ఆగుతుంది. వందలో ఉన్న బండికి ఎనభై మూడు కావాలి. ఇక్కడితో ఆపకుండా సరదాకి ఇంకొంచెం ముందుకు పోయాను. ఎనభై బండి పూర్తిగా ఆగిపోయిన చోటుకు వచ్చేసరికి వంద బండి ఇంకా ఎంత వేగంలో ఉంటుంది? అరవై ఎనిమిది అని వచ్చింది. నమ్మలేక మళ్లీ వేశాను. అరవై ఎనిమిదే. చాలా బాగుందే అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. కాగితాన్ని మడిచి గైడ్‌లో పెట్టి, కొత్త చార్టును సిరాతో రాసి గోడకు అతికించాను.

చార్టు చూసి మొదట నోరెత్తింది ఆ రూట్ డ్రైవరే. తొమ్మిదేళ్లుగా అదే రోడ్డు మీద నడిపిన మనిషి. ఆయన బండిలో స్టాఫ్ నిద్రపోయేవాళ్లు. దానికి మించిన సర్టిఫికెట్ మా పనిలో లేదు.

"సార్, బోర్డు మారింది. రోడ్డు మారలే గదా."

"వంద దాటమనడం లేదు కదయ్యా. వందలోనే పొమ్మంటున్నా."

"గా ఊరి కాడ కట్ ఉంది, తెల్సా? డివైడర్ల సందు. పొద్దుగాల పాలోళ్లు, బడి పిల్లలు అందరు ఆడికెళ్లే దాటుతరు. ఆడ వంద ఎట్ల పోతం సార్?"

"అక్కడ తగ్గించుకో. ముందు కలుపుకో."

"ముందు కలుపుకోవాల్నంటే నూటిరవై పోవాలె. గప్పుడు మీరే అంటరు, లిమిట్ దాటినవ్ అని." నవ్వాడు. "మీ పెన్నుకు ఎర్ర సిరా అయిపోవాలె సార్, గదొక్కటే దారి."

నేనూ నవ్వాను. ఆ నెలలో ఆయన షీటు మీద రెండు సున్నాలు పడ్డాయి. రెండూ నేనే చుట్టాను. ఒకటి మూడు నిమిషాలకు. ఇంకోటి రెండు నిమిషాలకు.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు, ఉదయం ఏడు కావస్తుండగా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఆ కట్ దగ్గర సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక పాలాయన్ను మా బండి గుద్దింది. సైకిల్ వెనక చక్రానికి తగిలింది. పాల క్యాన్లు ఎగిరిపడ్డాయి. మనిషి పక్కకు పడ్డాడు. ప్రాణం ఉంది. తొడ ఎముక విరిగింది. డ్రైవరే ఆయన్ను అదే బండిలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లాడు. స్టాఫ్ రోడ్డు పక్కన నిలబడ్డారు.

ఆ రోజు షీటు నా ముందుకు వచ్చింది. గేటుకు చేరిన టైము దగ్గర ఖాళీ. ఖాళీ చుట్టూ సున్నా చుట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. అంత దిగజారాను.

మధ్యాహ్నం ఓనర్ లోపలికి పిలిచాడు. తలుపు మూశాడు.

"సోమవారం కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ ఎంక్వైరీ పెడుతుండు. చార్టు తెమ్మన్నడు. పాత టైము చార్టు ఇంకోటి రాయి. ఆరిరవైది. తారీఖు పోయిన నెలది ఎయ్యి."

"మరి డ్రైవర్ ఏమైపోతాడండీ?"

"ఆరిరవైకి కదలకుండ లేటు చేసి, టైము కోసం ఉరికిండు అంటరు. తీసేస్తరు. గంతే గదా. కాంట్రాక్టు పోతే పద్దెనిమిది బండ్లు ఆగుతయ్. పద్దెనిమిది ఇండ్లు. లెక్క నువ్వే చెప్పు."

లెక్క నువ్వే చెప్పు అంటే నేను ఎప్పుడూ చెబుతూనే వచ్చాను. ఒకవైపు పద్దెనిమిది ఇళ్లు, ఇంకోవైపు ఒక డ్రైవర్. రాశాను. నా దస్తూరీ ఎప్పుడూ గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది. ఆ రోజు కూడా అలాగే వచ్చింది. గోడ మీది చార్టు, బండిలో ఉన్న కాపీ రెండూ ఓనర్ తీసుకున్నాడు. మిగిలింది నా గైడ్‌లో మడిచిన కాగితం ఒక్కటే. అది ఉందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎంక్వైరీలో 'డ్రైవర్ తప్పు' అని ఒకసారి రాస్తే, ఆ మనిషిని ఆ రోడ్డు మీద ఏ కాంట్రాక్టరూ మళ్లీ బండి ఎక్కనివ్వడు. అది మాత్రం అందరికీ తెలుసు.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతోంది.

"వంద లోపలే నడిపాడంటున్నారుగా. ఇంకేంటి మీకు బాధ?"

"వంద లోపలే. తొంభై ఎనిమిది."

"మరి తప్పెవరిదండీ?"

ఆమె కత్తి ఆపి నా వైపు చూసింది. మళ్లీ తరగసాగింది.

ఆదివారం ఓనర్ నన్ను పాలాయన దగ్గరకు పంపాడు. పళ్లు ఇచ్చి, పరామర్శించి, ఆయన ఏమంటున్నాడో తెలుసుకుని రమ్మన్నాడు. దవాఖాన మంచం మీద కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. అరవై దాటిన మనిషి. ట్రావెల్స్ ఆఫీసు నుంచి వచ్చానన్నాను. చార్టు వేసేది నేనే అని చెప్పలేదు.

"గా డ్రైవర్‌ను ఏం అనకున్రి సారూ," అన్నాడాయన. "రోజు హారన్ కొట్టిపోయేటోడే. ఆ దినం గూడ కొట్టిండు. నాదే అందాజ తప్పింది."

"ఏం అందాజా?"

"బంకు ఉంది గదా, పెట్రోల్ బంకు. బండి బంకు కాడ కనబడ్డదంటే నేను సైకిల్ తోస్కుంట ఆవలికి పోతా. పోయినంక గిట్ల వెనకకు మళ్లి సూస్తే గప్పుడు బండి పోతది. పదేండ్ల సంది గదే అందాజ. ఒక్కపారి తప్పలే. ముసలోన్ని అయిన, కండ్లు మసకలొచ్చినయ్ గావొచ్చు."

ఆయన మాట పూర్తి కాకముందే నా తల లెక్క మొదలుపెట్టింది. ఆపలేకపోయాను. తిరుగుదారిలో ఆ కట్ దగ్గర దిగాను. బంకు నుంచి కట్ వరకు అడుగులు వేశాను. నాలుగు వందల అడుగులు, నా అడుగుకు ముప్పావు మీటరు, మూడు వందల మీటర్లు. ఎనభైలో వచ్చే బండి ఆ దూరం దాటడానికి పదమూడున్నర సెకన్లు. నిండు క్యాన్ల సైకిల్ తోస్తున్నట్టు నెమ్మదిగా రోడ్డు దాటి చూశాను. పన్నెండు సెకన్లు పట్టింది. సెకనున్నర మిగులు. పదేళ్లుగా ఆయన్ను కాపాడింది ఆ సెకనున్నరే. వందలో వచ్చే బండికి పది పాయింట్ ఎనిమిది సెకన్లే. పన్నెండుకు తక్కువే. వెనక చక్రానికి ఎందుకు తగిలిందో అక్కడే తెలిసిపోయింది.

ఆయన అందాజ తప్పలేదు. ఆయన కళ్లూ తప్పలేదు. బోర్డు మీద అంకె మార్చినప్పుడు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ బోర్డు బండ్లకు తెలిసేలా పెడతారు, రోడ్డు దాటేవాడి వైపు దాని వీపు ఉంటుంది. డ్రైవర్‌దీ అదే కథ. తరువాత నాతో అన్నాడు, "రోజు దాటేటోడే గదా, దాటిపోతడు అనుకున్న సార్. దాటలే అని తెలిసేసరికి దగ్గరికొచ్చిన." ఇద్దరూ పాత వేగం మీదే ఒకరినొకరు నమ్ముకున్నారు. కొత్త వేగాన్ని సిరాతో రాసింది నేను.

సోమవారం ఎంక్వైరీలో మేనేజర్ టేబుల్ మీద ఆరిరవై చార్టు ఉంది. డ్రైవర్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ చార్టును చూశాడు, తరువాత నన్ను చూశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బహుశా నేనూ వాదించేవాణ్ణి. గైడ్‌లోంచి కాగితం తీసి టేబుల్ మీద పెట్టాను.

"ఇది దొంగ చార్టండీ. నేనే రాశాను. అసలు లెక్క ఇది."

మేనేజర్ చాలాసేపు చదివాడు. అంచున ఉన్న లెక్క మీద వేలు పెట్టాడు.

"ఈ అరవై ఎనిమిది ఏమిటి?"

చెప్పాను.

"ఇది యాక్సిడెంట్ తరువాత వేశారా?"

"కాదండీ. చార్టు వేసిన రోజే."

"అంటే మీకు ముందే తెలుసు."

"తెలుసు."

చివరికి ఆయన, వేగం పరిమితి లోపలే ఉంది కాబట్టి డ్రైవర్ తప్పు అని రాయలేనని అన్నాడు. నా తప్పు అని రాయడానికి కూడా ఎంక్వైరీ ఫారంలో గడి లేదట. బండ్లు మళ్లీ ఆరూ ఇరవైకి కదలాలని రాశాడు. కాంట్రాక్టు పోలేదు. పద్దెనిమిది ఇళ్లకూ ఏమీ కాలేదు. నేను భయపడి దాచిన దానికి అంత ఖరీదే లేదు.

బయటకు వచ్చాక ఓనర్ "ఇంటి మనిషివనుకున్న" అని ఒక్క మాట అని కారెక్కాడు. ఆ నెలతో నేను మానేశాను. డ్రైవర్ అదే రూట్ మీద ఉన్నాడు. ఎల్బీ నగర్ మెట్రో కింద కనబడితే పలకరిస్తాడు. "టీ తాగుదాం రా సార్" అంటాడు. తాగుతాం. ఆ రెండు సున్నాల మాట ఇద్దరమూ ఎత్తం.

నాలుగు నెలల తరువాత పాలాయన ఊరికి వెళ్లాను. ఈసారి చెప్పాను, టైము వేసింది నేనే అని. ఆయనకు పెద్దగా అర్థమైనట్టు లేదు. "నువ్వేమన్న బండి నడిపినవా సారూ," అన్నాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. సైకిల్ లేదు. పాల కేంద్రం మాత్రం ఇంకా రోడ్డుకు అవతలే ఉంది. చిన్న క్యాన్ చేత్తో పట్టుకుని రోజూ దాటుతున్నాడు.

"గట్లయితే ఇప్పుడు బండి ఏడ కనబడితే పోవాలె? లెక్కలోడివంటివి గదా, నువ్వే చెప్పు."

కట్ దగ్గరకు ఇద్దరం నడిచాం. రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఆయన్ను అటువైపు వెళ్లమన్నాను. నేను వాచీ చూశాను. ఇరవై నాలుగు సెకన్లు. ఇరవై నాలుగు సెకన్లలో వంద బండి ఆరు వందల అరవై ఆరు మీటర్లు వస్తుంది. అంటే బంకు కాదు. బంకు వెనక ఉన్న సెల్ టవర్ కూడా కాదు. నేను అటు చూశాను. ఐదు వందల మీటర్ల దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. నా లెక్క వచ్చి ఆగిన చోటు ఆ మలుపుకు అవతల ఉంది. ఇక్కడ నిలబడ్డ మనిషికి అది కనబడదు.

ఆయన అవతలి గట్టు మీద కర్ర ఆనించుకుని, నేను చెప్పేదాని కోసం నిలబడి ఉన్నాడు.