క్యాంపు పేరు లేని మొదటి పేజీ

అబుదాబిలో మా తెలుగు వారపత్రిక కిరాణా దుకాణాల గల్లాల పక్కన ఉచితంగా దొరికేది. పగలు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, దాని చివరి పేజీలో ఇక్కడి కళాకారుల గురించి నేను రాసేవాణ్ణి. మా ఇంట్లో కాలేజీ చదువు చదివిన మొదటివాణ్ణి కావడం వల్ల కాబోలు, అచ్చులో పడే ప్రతి పేరునూ మళ్లీ మళ్లీ సరిచూసుకునేవాణ్ణి.

కొవిడ్ ఆంక్షలు సడలాక, పత్రికను నడిపిన పెద్దాయన దానిని వేడుకలు నిర్వహించే ఒక కంపెనీకి అమ్మి స్వదేశం వెళ్లిపోయారు. కొత్త మేనేజరు నన్ను పిలిపించి కాఫీ ఇచ్చారు.

"మీ పేజీ జోలికి మేం రామండీ. మీకు నచ్చినట్టే రాసుకోండి."

నేను అడగకుండానే ఆ హామీ ఎందుకిచ్చారు? కొన్ని వారాలు ఒక్క అక్షరమూ మారలేదు. నా అనుమానం తగ్గలేదు సరికదా, పెరిగింది.

ముసఫ్ఫాలోని ఒక లేబర్ క్యాంపులో జగిత్యాల వైపు కార్మికులు సెలవు రోజున మెస్ హాల్లో ఒగ్గుకథ చెప్పేవారు. నేను రాసినప్పుడల్లా క్యాంపు పేరు తప్పక వేసేవాణ్ణి. క్యాంపును చూసుకునే ముదీర్‌కు తెలుగు రాదు. ఆ పేరు ఎక్కడుందో చూపించుకుని, కాగితాన్ని మెస్ గోడకు అంటింపించి, తనిఖీకి వచ్చే పై అధికారులకు గర్వంగా చూపేవారు. ఆ పేరు అచ్చయినంత కాలమే హాలు వాళ్లది.

ఒక మధ్యాహ్నం ప్రధాన కథకుడు ఫోన్ చేశాడు.

"సార్, మీ కొత్త కంపెనోళ్లు పెద్ద స్టేజ్ మీద మాకు పది నిమిషాలు ఇస్తరట!"

"రాత్రంతా చెప్పే కథను పది నిమిషాల్లో ఎలా చెబుతారు?"

"బీరప్ప కథను జర ఉర్కిస్తం!" అని నవ్వాడు. "మీరు పెండ్లి బువ్వల గూడ రాళ్లు ఏరేటట్టున్నరు సార్."

ఆ పది నిమిషాల ప్రదర్శన గురించి రాసిన కథనం మొదటి వాక్యంలోనే క్యాంపు పేరు పెట్టి పంపాను. పేరు తీసేయవద్దని మేనేజరుకు విడిగా ఫోన్ కూడా చేశాను. "తప్పకుండానండీ," అన్నారు.

సంచిక వచ్చింది. మొదటి పేజీ నిండా డోళ్ల రంగుల ఫోటో, వెనుక కంపెనీ బ్యానరు. నా కథనం ఫోటో కింద రెండు వాక్యాలుగా మిగిలింది. అందులో వాళ్లు 'మా కళాకారులు'. క్యాంపు పేరు ఎక్కడా లేదు.

"మొదటి పేజీ ఇచ్చాం కదండీ! లేబర్ క్యాంపు అంటే టికెట్లు కొనేవాళ్లు..." అని మేనేజరు మాట మింగేశారు.

తరువాతి సెలవు రోజున నేను క్యాంపుకు వెళ్లేసరికి ముదీర్ ఆ పేజీ ముందే నిలబడి ఉన్నారు.

"హమారా క్యాంప్ కా నామ్ కిధర్ హై?"

తమ క్యాంపు పేరు ఎక్కడుందని ఆయన పేజీ మీద వేలితో వెతుకుతున్నారు. కథకుడు నా వైపు చూశాడు.

"బడీ కంపెనీ కే ఆద్మీ బన్ గయే. ఉధర్ హీ గావో. హాల్ ఖలాస్." పెద్ద కంపెనీ మనుషులైపోయారుగా, అక్కడే పాడుకోండి, ఇక హాలు లేదన్నారు.

కథకుడు డోలు భుజానికెత్తుకుని బయట కార్మికుల బస్సులు ఆగే చోటికి నడిచాడు. "యల్లా, రాండ్రి సార్, ఈడ కూసోండ్రి," అని డోలు దింపి కథ మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక బస్సు వచ్చి హారన్ కొట్టింది. వాళ్లు పక్కకు జరిగి, ఆపిన చోటు నుంచి అందుకున్నారు. ఇంకో బస్సు వచ్చినప్పుడు డోలు ఎత్తుకున్న కథకుడు దానిని మళ్లీ కింద పెట్టలేదు; ఆ రోజు కథ అక్కడే ఆగింది.