రంధ్రాల్లో కూరిన మైనం

ఆరేళ్లుగా మోకరించిన ప్రతిసారీ ఈ బరువు నాతోపాటే వంగింది. పాస్టరుగారికి చెప్పలేదు. ఇది చదివే మీకు చెబుతున్నాను. మీ కనికరం కోసం మాత్రం కాదు.

ఇనుప గనుల ఊరు కిరందుల్‌లో మా ప్రార్థన మందిరం గోడ అవతలే ఒక గని కార్మికుడి క్వార్టరు. రాత్రి డ్యూటీ చేసి ఆదివారం పొద్దున పడుకుంటాడు. సరిగ్గా అప్పుడే మా ఆరాధన, నా ఢోలక్. అతను గొడవపడలేదు, వచ్చి బతిమాలాడు. మా సంఘంలోనే పెరిగి, రాయపూర్‌లో శబ్దాల మీద పరిశోధన చేస్తున్న సుశీల అందుకోసం గోడకు బిగించే పలకలు చేసి తెచ్చింది. ప్లాస్టిక్‌వి. పైన చిన్న రంధ్రాలు, లోపల నత్తగుల్లలా చుట్టలు తిరిగిన దారులు. ఏ మోతకు కొలిచి చేస్తే ఆ మోతే అందులో దూరి, తిరిగి తిరిగి, సత్తువ ఉడిగి ఆగిపోతుంది. ఆమె కొలిచింది నా ఢోలక్ మోతకు.

పలకలు బిగించాక మొదటి ఆదివారం ఢోలక్ మీద చెయ్యి వేశాను. మందిరం పలకలేదు.

"మిషన్లు పెట్టి దేవుని స్తుతి ఆపుతవా ఏంది?" అన్నాను, అందరి ముందూ.

సుశీల నవ్వింది. "స్తుతిని కాదు బాబాయ్, నీ ఢోలక్‌ని. దేవుడు ఎట్లైనా ఇంటడు. పక్కింటన్న పండుకోవాలె గదా!"

సంఘమంతా నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

వారం తిరిగితే మోత ఎంత తగ్గిందో కొలవడానికి ఆమె కాలేజీవాళ్లు వస్తారు. పలకలు పనిచేస్తేనే ఆమె పరిశోధన సాగుతుంది. నాకు తెలుసు. తెలిసే చేశాను. పలకల మీది ఎర్ర దుమ్ము తుడవడం శనివారం నా వంతు. క్రిస్మస్‌కు వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కల్ని ఎండలో మెత్తబరిచి, గొడుగు పుల్లతో ప్రతి రంధ్రంలోకీ లోతుగా కూరాను. పైకి ఏమీ కనిపించలేదు.

కొలిచారు. మోత తగ్గలేదు. లెక్కే తప్పన్నారు. ఎక్కడ తప్పిందో తెలియడం లేదని సుశీల నా పక్కన కూర్చుని ఏడిస్తే, ప్రార్థన చేద్దామన్నాను. చేశాను కూడా. పలకలు విప్పి చూస్తానని మర్నాడు వచ్చేసరికి పనికిరావంటూ వాటిని పాత సామాన్లు కొనే కబాడీవాడికి వేసేశాను. ఆమె చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు పక్క ఊరు బచేలిలో ట్యూషన్లు చెబుతోంది.

స్తుతి గట్టిగా ఉండాలని ఇప్పటికీ నమ్ముతాను. ఢోలక్ మానను. ఆ మాటకు ఎవరు ఎదురొచ్చినా నిలబడతాను. అయితే ఆ రోజు నేను కాపాడుకున్నది స్తుతినా, నలుగురూ మెచ్చే నా చేతినా? స్తుతి కోసమే అయితే దాచడం దేనికి? ఈ ప్రశ్నకు దేవుని ముందు నిలబడి జవాబు చెబుతాను. ఇంకెవరూ నాకు శిక్ష వేయనక్కర్లేదు, క్షమించనూ అక్కర్లేదు.

సుశీల లెక్క సరైనదే. పలకలు మంచివే. పాడు చేసింది నేను. ఇంత రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. కింద పేరు పెట్టడం లేదు. ఇది చదివితే రాసింది ఎవరో సుశీలకు తెలిసిపోతుంది. తెలియనీ.