మా అత్త సత్రంలో ఏడుగురు కొత్తవాళ్ళు

మా మేనత్త గొంతు ఒకప్పుడు ఊరందరికీ తెలుసు. మొహం ఎవరికీ తెలియదు. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఆలస్యంగా వస్తుందో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఏళ్ళ తరబడి చెప్పింది. తర్వాత గొంతులో కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీస్తే కాయతో పాటు గొంతూ పోయింది. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే గరుకు కాగితంతో తలుపు రుద్దినట్టుంటుంది, అదీ పక్కన కూర్చున్నవాళ్ళకే వినిపిస్తుంది. ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి మొహమాటపడి ఆవిణ్ణి పోయిన సామాన్ల గదిలో వేశారు. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులూ, టిఫిన్ డబ్బాలూ, సంచులూ అక్కడికి చేరతాయి. సొంతదారు వచ్చి ఆనవాళ్ళు చెబితే ఇచ్చెయ్యాలి.

ఆవిడ మా ఇంట్లోనే, వీధి వైపు గదిలో ఉంటుంది. భోజనాల దగ్గర ఒక మాట మొదలుపెడితే మా నాన్న దాన్ని తనే పూర్తి చేసేస్తాడు. చిన్నప్పుడు మన పాత ఇంట్లో, అని ఆవిడ అనీ అనకముందే, ఆ గోడ కూలిన సంగతేగా, తెలుసులే అక్కయ్యా, అంటాడు. ఆవిడ చెప్పబోయింది గోడ సంగతి కాదు. మా అమ్మ ఇంకో రకం. వదిన ఏం అడగబోతోందో ఊహించి జవాబు కూడా ఇచ్చేస్తుంది. అత్త మంచినీళ్ళు తాగి లేచిపోతుంది.

ఆవిడ మాటను మధ్యలో ఎవరూ లాక్కోలేని చోటు ఒకటే ఉంది. అది మా ఆట.

ఆ ఆటలో బొమ్మలుండవు. తెర మీద అక్షరాలు, అంతే. ఒక రేవు పట్నం, అందులో వీధులు, అంగళ్ళు. నువ్వొక పాత్ర పుట్టించుకుని, ఆ పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో రాస్తావు. అవతలివాడు ఎక్కడో కూర్చుని దానికి బదులు రాస్తాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాను అని రాస్తే వచ్చినట్టే. కొత్తగా చేరిన ప్రతివాడూ ముందు సత్రంలో దిగాలి. ఆ సత్రం నడిపే పెద్దమ్మ మా అత్త. ఆవిడకు ఆట నేర్పింది నేనే. నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసిన కాలం అది. ఎందుకు మానేశావని మీరు అడగక్కర్లేదు, మా నాన్న రోజూ అడుగుతున్నాడు.

ఆటలో నాది తలారి పని. దొంగ ఆటగాళ్ళను పట్టాలి. మనిషికి ఒకటే పాత్ర అన్నది అక్కడి చట్టం. అంతకుముందు ఒకడు అరడజను పాత్రలు పుట్టించి, తనకు తనే ఓట్లు వేసుకుని రేవు పెద్దగా గెలిచాడు. అప్పటి నుంచీ ఎవడు ఏ ఇంటర్నెట్ కనెక్షన్ మీంచి వస్తున్నాడో నాకు కనబడేలా ఏర్పాటు చేశారు. ఎవడొచ్చినా ముందు అనుమానించేవాణ్ణి. ఎవరు పంపారు, ఇంతకుముందు వేరే పేరుతో వచ్చావా, మరి దారులన్నీ ఎలా తెలుసు? చాలామంది రెండో ప్రశ్నకే వెళ్ళిపోయేవాళ్ళు. నా దాకా రాకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. పాతకాపులు వాళ్ళ వాళ్ళ కుట్రల్లో పీకల్దాకా మునిగి, కొత్తవాడు నమస్కారం పెట్టినా తలెత్తేవాళ్ళు కాదు. వాడు కాసేపు చూసి, బదులు రాక, మళ్ళీ మొహం చూపించేవాడు కాదు.

ఆటకు సొంతదారు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఎవరం చూడలేదు. అది నడిచే కంప్యూటరుకు అద్దె కట్టేది ఆయనే కాబట్టి మోతుబరి అని పిలుస్తాం. వానల మొదట్లో ఆయన ఒక కబురు పెట్టాడు. ఉన్న నలుగురి కోసం ఇంకా మోయలేననీ, వానలు వెనకబట్టేలోగా కొత్తవాళ్ళు వచ్చి నిలబడకపోతే ఆట మూసేస్తాననీ. నాకేం, ఇంకో ఆట వెతుక్కుంటాను. అత్తకు ఇంకో గొంతు ఎక్కడ దొరుకుతుంది?

ఆ కబురు వచ్చిన కొన్నాళ్ళకే సత్రంలో ఏడుగురు కొత్తవాళ్ళు దిగారు. దిగడమే కాదు, నిలిచారు. పడవ మునిగి బతికి బయటపడ్డ వర్తకుడొకడు. పాములు పట్టే మనిషి ఒకామె. ఒక బండివాడు, ఒక మంత్రసాని. ఇంకో ముగ్గురు. అంతా మంచి మాటకారులు. బండివాడికీ మంత్రసానికీ ఒక కోడిపుంజు మీద తగాదా. అది నాదంటే నాదని రోజూ సత్రం అరుగు మీద గొడవ. మిగతావాళ్ళు చెరోవైపూ చేరి ఎగదోసేవాళ్ళు.

పాతకాపులు సంతోషించారు. నేను సంతోషించలేదు. ఏళ్ళ తరబడి ఒక్కడూ నిలవని చోట ఒకేసారి ఏడుగురా? కనెక్షన్ చూశాను. ఏడుగురూ ఒక్కచోటి నుంచే వస్తున్నారు. ఆ చోటు బస్ స్టేషన్. ఇంకా చూశాను. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు మాట్లాడడు; కోడిపుంజు తగాదా కూడా ఒకరు అని వెళ్ళాక ఇంకొకరు వచ్చి అనేదే. వర్తకుడైతే వాక్యం మధ్యలో మాయమవుతాడు, కాసేపటికి పాములామె వస్తుంది. ఏడు నోళ్ళు, ఒకే చెయ్యి. అది నాకు అన్నం వడ్డించే మా అత్త చెయ్యేనని అర్థమైంది.

మోతుబరికీ అనుమానం తగిలినట్టుంది. ఏడుగురూ నిజం మనుషులేనా, చూసి చెప్పు, దొంగవాళ్ళయితే వానలు తగ్గేదాకా కూడా ఆగను, అని రాశాడు. ఇంట్లో అడిగితే అత్త నవ్వేసి తప్పించుకుంటుంది. పని చేసుకుంటుండగా పట్టుకోవాలని మర్నాడు మధ్యాహ్నం బస్ స్టేషన్‌కు వెళ్ళాను.

పోయిన సామాన్ల గది ఒక పొడుగాటి కొట్టు. ముందు చెక్క బల్ల, వెనక అరల్లో చీటీలు కట్టిన సంచులు. ఒక మూలన, బస్సుల వేళలు చూసుకోవడానికి ఒకప్పుడు వాడిన పాత కంప్యూటరు. దాని ముందు టిఫిన్ సంచీ ఒళ్ళో పెట్టుకుని సన్నగా పొడుగ్గా ఉన్న ఒకాయన టైపు చేస్తున్నాడు. నేను బయట స్తంభం పక్కన నిలబడ్డాను.

ఒక మనిషి వచ్చి తోలు సంచి పోయిందన్నాడు. ఎలాంటిదని అత్త అడిగింది. గోధుమ రంగు, జిప్పు సగం దాకానే పడుతుంది అన్నాడు. సగం దాకానే ఎందుకట? మా బావమరిది పెళ్ళిచూపులకు వెళ్తూ అడిగి తీసుకున్నాడు, కంగారులో లాగేశాడు. పెళ్ళి కుదిరిందా? కుదరలేదు, సంచి మటుకు పాడైంది. అక్కడి నుంచి ఆ మనిషి బావమరిది నత్తి గురించీ, పిల్ల తండ్రి మీసాల గురించీ చెప్పుకుంటూ పోయాడు. అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఒక్కో మాట పట్టుకుని తరవాతది అడుగుతూ కూర్చుంది. చివరికి అంది.

"అలాంటి సంచి ఇక్కడ లేదు నాయనా. అసలెక్కడా లేదు. కానీ నువ్వు బాగా చెప్పావు."

"నన్ను దొంగంటున్నావా?"

"బాగా చెప్పావంటున్నాను. కూర్చో, నీకో చోటు చూపిస్తాను."

ఆయన మండిపడి, పై అధికారికి చెబుతానని బెదిరించి వెళ్ళిపోయాడు. అత్త నా వైపు తిరగకుండానే, స్తంభం పక్కన ఎండగా ఉంది, లోపలికి రారా, అంది.

లోపలికి వెళ్ళి ముందు కంప్యూటరు చూశాను. తెర మీద వర్తకుడు తన మునిగిన పడవ గురించి రాస్తున్నాడు. బయట బస్సు హారన్ వినబడగానే ఆ సన్నటి పొడుగాటాయన టిఫిన్ సంచి చంకన పెట్టుకుని, వాక్యం మధ్యలో లేచి పరుగెత్తాడు. ఇంతకుముందు ఆయన తనది కాని గొడుగు కోసం వచ్చాడట. పిడి మీద పంటిగాట్లుంటాయనీ, అవి తన చిన్నప్పటివనీ చెప్పాడట. పాములామె కూడా అలాగే, ఎవరిదో చేతిసంచి కోసం. సామాను పోయినవాళ్ళు నల్ల గొడుగు అని ఊరుకుంటారనీ, పోనివాళ్ళే కథ చెబుతారనీ అత్త లెక్క. అలాంటివాణ్ణి తిట్టి పంపకుండా బస్సు వచ్చేదాకా ఆ కంప్యూటరు ముందు కూర్చోబెడుతుంది. అంటే మా ఆటకు కొత్తగా వచ్చినవాళ్ళంతా అబద్ధాలకోర్లు.

అయినా నా అనుమానం తీరలేదు. ఏడుగురూ ఇలా వచ్చినవాళ్ళేనా అని సూటిగా అడిగాను. అత్త ఒక గొడుగుకు చీటీ కడుతూ, ఐదుగురు, అంది.

"మరి ఇద్దరు?"

"బండివాడూ మంత్రసానీ నేనేరా. ఖాళీ హోటల్లోకి ఎవడైనా వస్తాడా? మూల బల్ల దగ్గర ఇద్దరు కొట్టుకుంటుంటే, చూద్దామని వస్తాడు. వచ్చినవాడు మర్నాడు ఎందుకొస్తాడు? ఆ తగువు తేలలేదు కనక."

చట్టం మాటేమిటి అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. "తలారివి నువ్వు. రాసుకో. కానీ ఆ ఐదుగుర్నీ ఇద్దరితో కలిపి కొట్టకు."

ఇంటికి నడిచి వెళ్ళాను. ఐదుగురి కోసం అబద్ధం ఆడొచ్చు. కానీ మోతుబరి ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటాడు, అప్పుడు ఐదుగురు నిజమన్నా నమ్మడు. ఉన్నదున్నట్టు రాసేశాను. ఇద్దరు మా అత్త, ఐదుగురు మనుషులు, నేనే ఒకణ్ణి కళ్ళారా చూశాను అని. జవాబు వెంటనే వచ్చింది. ఆ ఇద్దర్నీ తీసెయ్యి, తీసేశాక వారం చూస్తాను, మిగతావాళ్ళు నిలిస్తే సరి, లేదంటే అంతే. కళ్ళారా చూశాననే మాటకు విలువ లేదనీ, నువ్వు ఆవిడ మేనల్లుడివే కదా అనీ కింద ఇంకో ముక్క. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి.

అత్తకు చెప్పాను. ఆవిడ తన గదిలోకి వెళ్ళి, కాసేపటికి సత్రంలో ఒక వాక్యం రాసింది. తెల్లవారి చూస్తే బండివాడూ లేడు, మంత్రసానీ లేదు, బండి లేదు, కోడిపుంజూ లేదు. బయటికి వచ్చి, ఇంక ఎవడూ రాడులే, అంది. ఆవిడ రాత్రి భోజనానికి లేవలేదు. మా నాన్న వచ్చి నన్ను అడిగాడు, మీ అత్తతో ఏం పేచీ పెట్టుకున్నావురా అని.

మర్నాడంతా సత్రం ఖాళీ. ఆ మర్నాడు వర్తకుడు ఒక్కడే వచ్చి, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయాడు. పాములామె అసలు రాలేదు. మోతుబరి ఎక్కడి నుంచో చూస్తున్నాడని తెలుసు. అద్దె మిగిలిందనుకుంటున్నాడేమోనని నా అనుమానం.

మూడో రోజు సాయంత్రం పాములామె వచ్చి పెద్దమ్మను ఒక్కటే అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు ఒకే బండిలో ఎలా వెళ్ళారు? వాళ్ళ సంగతి నాకేం తెలుసు అని అత్త రాసింది. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. వర్తకుడు వచ్చి, ఆ రాత్రి పెరట్లో తవ్వుతున్న చప్పుడు విన్నానన్నాడు. పచ్చి అబద్ధం. ఇంకొకడు పెద్దమ్మ కొంగుకు ఈక అంటుకుని ఉండగా చూశానన్నాడు. అదీ అబద్ధమే. అబద్ధం చెప్పడంలో వాళ్ళకు వాళ్ళే సాటి. పాతకాపులు కూడా కుట్రలు పక్కన పెట్టి వచ్చి అరుగు ఎక్కారు. సత్రం పెద్దమ్మ ఇద్దర్ని చంపి పాతేసిందని ఊరంతా అనుమానం. నన్ను కూడా వదల్లేదు. తలారివి కదా, ఆ రాత్రి ఎక్కడున్నావని నిలదీశారు. 

నేను కనెక్షన్లు చూశాను. వర్తకుడు ఒక చోటి నుంచి, పాములామె వేరే చోటి నుంచి. ఐదుగురు, ఐదు చోట్లు, ఒకేసారి. బస్ స్టేషన్ కంప్యూటరు దగ్గర వాళ్ళెవరూ లేరు. ఎవరి ఫోన్లలోంచి వాళ్ళు, ఎవరి ఇళ్ళలో వాళ్ళు కూర్చుని మా అత్తను హంతకురాలంటున్నారు. ఆవిడ వీధి గదిలో ఒక్కర్తే కూర్చుని, ఒకరి తర్వాత ఒకరికి పేరాలు పేరాలు జవాబులు రాస్తోంది. టీ ఇవ్వడానికి వెళ్తే చెయ్యెత్తి ఆపింది. అడ్డం రావద్దని. ఆవిడ మొహంలో పట్టుబడిన దొంగ కంగారూ ఉంది, ఇంకా ఏదో ఉంది.

వారం పూర్తయిన రోజు సత్రం గుమ్మంలో ఒక కొత్త మనిషి నిలబడ్డాడు. తడిసిన గొంగళి, చేతిలో కర్ర. చూడగానే కనెక్షన్ చూశాను, పాత అలవాటు. అది మోతుబరిది. తను కట్టించిన ఆటలోకి ఆయన ఎన్నేళ్ళ తర్వాత అడుగుపెట్టాడో తెలియదు. నిజం మనుషులేనా కాదా అని స్వయంగా తేల్చుకోవడానికే వచ్చి ఉంటాడు. ఆయన ఎవరో ఎవరికీ బయటపెట్టలేదు. పాములామె ఆయనకో పీట లాగి, వచ్చే దారిలో ఒక బండి, బండిలో ఆడమనిషీ మగమనిషీ కనబడ్డారా అని అడిగింది.

ఆయన కర్ర గోడకు ఆనించి పీట మీద కూర్చున్నాడు. తర్వాత రాశాడు.

చూశాను.

లేని బండిని చూశాడు. ఆ ఇద్దర్నీ పుట్టించింది ఎవరో నా ఉత్తరంలో చదువుకుని, తీసెయ్యమన్న మనిషి. మా అత్త వెంటనే అడిగింది, ఎద్దులు ఏ రంగువి?

ఒకటి తెలుపు అన్నాడు. రెండోదాని గురించి ఆలోచించి చెబుతానన్నాడు.

వానలు వెళ్ళిపోయాయి. మోతుబరి ఆట మూసెయ్యలేదు. రెండో ఎద్దు రంగు మీద ఆయన ఇప్పటికి రెండుసార్లు మాట మార్చాడు.