ఊబిదున్నకు నేనిచ్చిన మార్కులు

ఇప్పటి పిల్లలు ఫోన్లో ఒకరినొకరు చూసుకుంటున్నారు, నచ్చితే కాఫీకి వెళుతున్నారు, నచ్చకపోతే బొటనవేలితో పక్కకు తోసేసి నిద్రపోతున్నారు. మేము ఉద్యోగాల్లో చేరిన కొత్తల్లో అంత సుఖం లేదు. లండన్లో కూడా పెళ్లిచూపులు సాంగోపాంగంగా జరిగేవి. అమ్మాయి ఇంటి వీధిలో పార్కింగ్ దొరక్క పెళ్లికొడుకు తరఫువాళ్లు నాలుగు సందులు తిరిగి, చెమటలతో, పావుగంట ఆలస్యంగా, ఒకరినొకరు తిట్టుకుంటూ దిగేవారు. తలుపు తెరుచుకోగానే అందరి మొహాల్లోకీ ఒకేసారి నవ్వు వచ్చేసేది. ఆ నవ్వుల మధ్య నిలబడి, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా మెడ దగ్గర గుచ్చుకుంటుంటే, బాగా చదువుకున్న పాతికేళ్ల మగవాడు ఎంత అమాయకంగా కనిపిస్తాడో నాకు స్వానుభవం.

అప్పుడు నేను దక్షిణ లండన్లో, క్రోయిడన్లో మా చిన్నాయన ఇంట్లో మేడమీది చిన్నగదిలో ఉండేవాణ్ణి. మాది అనంతపురం వైపు. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తప్పులు వెతికేవాడికి సాయంత్రం తర్వాత కూడా ఆ గుణం పోదు. (హోటల్లో మెనూ కార్డు ఇస్తే ముందు అక్షరదోషాలు చూసి, తర్వాత ఆకలి గుర్తు తెచ్చుకునేవాణ్ణి.) ఈ గుణం వల్లే నా రెండు సంబంధాలు తప్పిపోయాయని మా చిన్నమ్మ గట్టి నమ్మకం. మొదటి ఇంట్లో వాళ్లు చూపించిన ఇంటి ప్లానులో మెట్లు ఇరుకన్నాను. రెండో ఇంట్లో అమ్మాయి పాడిన కీర్తన బాగుందంటూనే, ఒక చరణం వదిలేసిందని చెప్పాను. అందుకని మూడో సంబంధానికి, తూర్పు లండన్లోని ఇల్ఫర్డ్‌కు బయలుదేరుతుంటే కారెక్కకముందే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పింది.

"అబ్బీ, వాళ్లు ఏం చూపిచ్చినా బాగుండాది అను. అంతకంటే ఒక్క మాట మాట్లాడద్దు నువ్వు."

సరేనన్నాను. ఇల్ఫర్డ్ వాళ్లది ఎప్పుడో గుడివాడ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మాయి పుట్టింది, పెరిగింది ఇక్కడే, ఆసుపత్రిలో ఫార్మసిస్టు. తండ్రిగారు గంభీరంగా తక్కువ మాట్లాడేవారు. ఆ లోటు తల్లిగారు పూడ్చేవారు. పకోడీలు పెడితే బాగున్నాయన్నాను. తోటలో గులాబీలు చూపిస్తే బాగున్నాయన్నాను. కొత్తగా వేయించిన కార్పెట్ బాగుందన్నాను. చిన్నమ్మ మొహం వెలిగిపోతోంది. ఇంతలో తల్లిగారు, "మీరిద్దరూ కాసేపు మాట్లాడుకోండి బాబూ, మొహమాటపడకండి" అని మమ్మల్ని వెనకవైపు కన్సర్వేటరీలోకి పంపించారు. అది మొత్తం అద్దాల గది. లోపల ఏం మాట్లాడినా హాల్లోకి వినపడదు కానీ, ఏం చేసినా కనపడుతుంది. మా వెనక అద్దానికి అవతల నలుగురు పెద్దవాళ్లు టీవీ వైపు తిరిగి కూర్చుని మమ్మల్ని చూస్తున్నారు.

ఆ అమ్మాయి నా చదువు గురించి అడగలేదు, జీతం గురించి అడగలేదు. బల్లమీద ఉన్న రేకు డబ్బా తెరిచి అందులోంచి ఒక కార్డు తీసి నా చేతికిచ్చింది. పేక ముక్క కంటే కాస్త పెద్దది. మీద బొమ్మ, కింద చిన్న అక్షరాలు. బొమ్మలో బురదలోంచి సగం లేచిన దున్నపోతు, కొమ్ములకు నాచు, కళ్లలో ప్రపంచంతో ఏమీ పని లేనట్టు ఒక చూపు. ఇంగ్లీషులో దానికేదో గొప్ప పేరుంది, నేను మాత్రం ఆ క్షణం నుంచీ దాన్ని ఊబిదున్న అనే అంటున్నాను.

"ఈ కార్డు గురించి మీకేమనిపిస్తుంది?" అంది.

"బాగుంది" అన్నాను.

"బాగుంది ఈజ్ నాట్ యాన్ ఆన్సర్" అంది ఆ అమ్మాయి, నవ్వకుండా. "లాస్ట్ వచ్చిన ఇద్దరూ అదే అన్నారు. కార్డు తిప్పి కూడా చూడలేదు."

అంతకుముందు నేను అలాంటి ఆట ఆడి ఎరుగను. ఆ మాటే చెబితే విసుక్కోకుండా నేర్పింది. ఇద్దరు ఆడతారు, ఒక్కొక్కరికి మొదట ఇరవై ప్రాణాలు. వంతులవారీగా మంత్రాలూ జంతువులూ దించుతారు. నా జంతువు దాడికి వస్తే ఎదుటివాళ్లు తమ జంతువును అడ్డం పెట్టవచ్చు, పెట్టకపోతే దెబ్బ వాళ్ల ప్రాణాలకు తగులుతుంది. ఎవరి ప్రాణాలు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. ఈ దున్న కొట్టే దెబ్బ ఒకటే. ఓర్చుకునే దెబ్బలు నాలుగు. చచ్చినా, దాని యజమాని తర్వాతి వంతు రాగానే బురద దులుపుకుని మళ్లీ లేచి నిలబడుతుంది. ఎన్నిసార్లు చంపినా అంతే.

చిన్నమ్మ మాట నాకు గుర్తుంది. అద్దానికి అవతలనుంచి ఆమె నన్నే చూస్తోందనీ తెలుసు. కానీ కార్డు చేతిలో ఉంది, అక్షరాలు చదివేశాను, లోపల ఆఫీసు గుణం లేచి కూర్చుంది. పదికి రెండు మార్కులిస్తానన్నాను. ఇరవై ప్రాణాలను ఒక్కొక్క దెబ్బతో తీయాలంటే ఎప్పటికయ్యేను, బతికి ఉండటం ఒక్కటే వచ్చినవాడు ఆట ఎలా గెలుస్తాడు, మా ఊళ్లో దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు, ఇది సరిగ్గా అదే, దీనికి వానా పట్టదు, దీనివల్ల పంటా పండదు అన్నాను. చెప్పేటప్పుడు చేతులు ఊపి ఉంటాను. ఆ అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగింది. గెలిపించడానికి వేరే కార్డులున్నాయనీ, అవి వచ్చేదాకా ఎవరో ఒకరు నిలబడాలి కదా అనీ వాదించింది. నేను ఒప్పుకోలేదు. నిలబడేవాళ్లు ఎక్కువైతే నడిచేవాళ్లు ఎవరన్నాను. ఆమె డబ్బాలో కార్డులన్నీ బల్లమీద పరిచి ఒక్కొక్కటే చూపిస్తూ తన ఆట ఎలా నడుస్తుందో చెప్పసాగింది, నేను ఒక్కొక్కదానికీ వంక పెట్టసాగాను.

అవతలివైపు ఇదంతా వేరే కథలా కనపడిందని తర్వాత తెలిసింది. మేమిద్దరం పోట్లాడుకుంటున్నామని తల్లిగారు కంగారుపడి రెండోసారి పకోడీలు పంపబోతే తండ్రిగారు ఆపారట. మా చిన్నాయన మాత్రం బల్లమీద పరిచిన ముక్కలను చూసి మ్రాన్పడిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మెల్లగా, "పిల్ల పేకాట ఆడతాదేమిరా?" అని అడిగాడు. చిన్నమ్మ మూడోది కూడా పోయిందని సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

అయితే మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి నుంచే మెసేజ్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం ఇల్ఫర్డ్‌లో తాను ఆడే దుకాణానికి రమ్మనీ, రెండు మార్కులు ఎందుకో ఆడి చూపించమనీ. ఇంట్లో ఎవరికీ ఆట సంగతి చెప్పకుండా, పని ఉందని చెప్పి బయలుదేరాను. (ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏం పనికి పోతున్నానో చిన్నమ్మ అడగలేదు. అడగకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమైందో మొహమే చెప్పింది.) ఆఫీసులో నా పక్క సీటు అతను ఇదే ఆట ఆడతాడని ఆ వారంలోనే తెలిసింది. బతిమాలి అతని కార్డుల కట్ట తీసుకున్నాను. నిప్పులు కక్కే బల్లులతో నిండిన కట్ట అది. దాంతో ఆడటం చాలా తేలికని, దొరికిందల్లా కొట్టుకుంటూ పోవడమేనని అతను ధైర్యం చెప్పాడు. క్రోయిడన్ నుంచి రైల్లో కూర్చుని బల్లుల మీది అక్షరాలన్నీ పరీక్షకు పోయేవాడిలా చదువుకున్నాను.

దుకాణం ఇరుకుగా ఉంది. పొడుగాటి బల్లలు, చిప్స్ వాసన, కార్డులు కలుపుతున్న చప్పుడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె మామూలు జీన్స్, పెద్ద స్వెటర్ వేసుకుని, వాళ్లింట్లో చూసినదానికంటే రెట్టింపు ఉత్సాహంగా ఉంది. కూర్చోగానే, కార్డులు కలుపుతూ, రేపు ఆదివారం గ్లాస్గో నుంచి ఒకాయన తనను చూడటానికి వస్తున్నారని, జీపీ డాక్టరని, అమ్మకు ఆ సంబంధం బాగా నచ్చిందని మామూలుగా చెప్పింది. నాకు మాత్రం మామూలుగా అనిపించలేదు. వారం క్రితం ఆ అమ్మాయి నచ్చిందా అని చిన్నమ్మ అడిగితే కార్డు నచ్చలేదని చెప్పిన మనిషిని నేను. ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని డాక్టరు మీద ఇంత కోపం ఎందుకు వస్తోందో నాకే అర్థం కాలేదు.

మొదటి ఆట ఓడిపోయాను. ఓడటం అంటే మామూలుగా కాదు. ఒక్కొక్క బల్లినీ పంపాను, దున్న ఒక్కొక్కదానికీ అడ్డం నిలబడింది. కోపం వచ్చి నా దగ్గరున్న నిప్పు మంత్రాలన్నీ దాని మీదే పోశాను. చచ్చింది. లేచింది. మళ్లీ పోశాను. మళ్లీ లేచింది. పక్క బల్లమీది గడ్డపాయన ఆట ఆపి మరీ చూస్తున్నాడు. నా చేతిలో కార్డులు అయిపోయేసరికి ఆమె తాపీగా ఒక పెద్ద రాక్షసిని దించి, రెండు వంతుల్లో పని ముగించింది. ఇప్పుడెన్ని మార్కులని అడిగింది. రెండేనన్నాను. నేను తెలివితక్కువగా ఆడాను, అందులో దున్న గొప్పేమీ లేదన్నాను. ఆమె కళ్లు చిన్నవి చేసి నన్ను ఒకసారి చూసి, మళ్లీ కార్డులు కలిపింది.

రెండో ఆటలో దున్నను ముట్టుకోలేదు. దున్న ఒక్కటే కదా, ఒక్క బల్లికే అడ్డం పడగలదు. అందుకని మొదటి వంతుల్లో దెబ్బలు తింటూ ఊరుకుని, బల్లుల్ని కూడబెట్టి, అన్నిటినీ ఒకేసారి వదిలాను. ఒకటి దున్న దగ్గర ఆగింది, మిగతావి వెళ్లి తగిలాయి. మరుసటి వంతు కూడా అంతే. రాక్షసి ఆమె చేతిలో ఉండగానే ఆట ముగిసింది. గడ్డపాయన చప్పట్లు కొట్టాడు. నాకు లోపల ఎంత సంతోషంగా ఉందంటే, దాన్ని మొహం మీద కనపడనివ్వకుండా ఉండటానికి బల్లులన్నీ తలకిందులుగా సర్దుతున్నాను.

"సో, ఇప్పుడు జీరోనా?" అంది ఆమె.

నేను కాసేపు ఆలోచించాను. ఆలోచించాల్సిన సమయం కాదది. ఏదో ఒక సరదా మాట అనాల్సిన సమయం. కానీ నిజంగానే ఆలోచించాను.

"నాలుగు" అన్నాను. "దాన్ని తప్పించుకోవడానికి నా ఆటంతా మార్చుకోవాల్సి వచ్చింది. ఒక్క కార్డు ఎదుటివాడి చేత అంత పని చేయించిందంటే, రెండు అన్యాయం."

ఆమె దున్న కార్డును ప్లాస్టిక్ తొడుగులోకి జాగ్రత్తగా దూర్చింది. తర్వాత తెలుగులోనే, కాస్త తడుముకుంటూ అంది.

"ఇక్కడ అందరూ ఓడిపోతే పది అంటారు, గెలిస్తే రబ్బిష్ అంటారు. మీరు రివర్స్. ఓడిపోయి రెండు ఇచ్చారు, గెలిచి నాలుగు ఇచ్చారు."

అది పొగడ్తో ఫిర్యాదో నాకు తెలియలేదు. దాని విలువ నిజానికి ఏడని ఆమె, ఐదు దాటదని నేను వాదించుకుంటూ దుకాణం మూసేదాకా కూర్చున్నాం. జూన్ నెల. బయటికి వచ్చేసరికి సాయంత్రమైనా మధ్యాహ్నపు ఎండలాగే ఉంది. స్టేషన్ దాకా నాతో నడిచి వచ్చింది. దారిలో ఆట గురించి మాట్లాడలేదు. ఫార్మసీకి వచ్చే తెలుగు ముసలివాళ్లు తన చేత మాత్రల పేర్లు తెలుగులో ఎలా చెప్పించుకుంటారో చెప్పింది, నేను అనంతపురం ఎండల గురించి చెప్పాను. టికెట్ గేటు దగ్గర ఆగి, "రేపు గ్లాస్గో వాళ్లను రావద్దని డాడీకి చెబుతున్నాను" అంది. "మీకు ఓకేనా?"

నేను తలూపాను. ఎన్నిసార్లు ఊపానో తెలియదు, ఆమెకు నవ్వు వచ్చేసిందంటే లెక్కకు మించే ఊపి ఉంటాను. గేటు దాటి, మెట్లు దిగి, ఎదురుగా వచ్చి ఆగిన రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూస్తూ నవ్వుకుంటూ పోతున్నాను. ఇళ్లు పలచబడ్డాయి. చెట్లు వచ్చాయి. తర్వాత పొలాలు వచ్చాయి, గుర్రాలు వచ్చాయి. లండన్ నడిబొడ్డుకు పోయే దారిలో ఇన్ని పొలాలుండవని అర్థమయ్యేసరికి రైలు ఊరు దాటి ఎసెక్స్‌లో చివరి స్టేషన్లో ఆగింది. దిగి, ఖాళీ ప్లాట్‌ఫాం మీది బెంచీపై కూర్చుని చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఎక్కడున్నావని అడిగింది. తెలియదన్నాను. ఏమైందని అడిగింది. బాగుండాది అన్నాను. అంతే, చిన్నమ్మ గొంతు మారిపోయింది. పక్కనున్న చిన్నాయనతో ఏదో చెబుతోంది. ఏం చెప్పిందో వినపడలేదు, ఆయన నవ్వు మాత్రం వినపడింది.

పెళ్లై ఇన్నేళ్లయింది. ఇప్పుడు మాకు ఏ రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికి ఎన్నింటికి వస్తుందో, ఏది ఎక్కడ ఆగదో అన్నీ కంఠతా వచ్చు, ఎక్కేముందు ఫోన్లో మరోసారి చూసుకుంటాం కూడా. మొన్న పనిమీద ఇంకో దూరపు రైల్లో ఆ ఎసెక్స్ స్టేషన్ మీదుగానే పోతుంటే కిటికీలోంచి ఆ బెంచీ కనపడింది. ఎవరో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నారు. ఆ రోజు అక్కడ కూర్చున్న కుర్రాడికి తిరుగు రైలు ఇంకా ముప్పావుగంటకు గానీ లేదు, ఆకలి వేస్తోంది, చొక్కా నలిగిపోయింది. అయినా రైలు ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటూ, గుర్రాలను చూస్తూ, తనలో తాను నవ్వుకుంటూ కూర్చున్నాడు. వాణ్ణి పలకరించి సరైన ప్లాట్‌ఫాం చూపించాలని నాకు ఇప్పటికీ అనిపించదు.