నీళ్ళలో ముంచిన పడవ

పడవ తాత అంటే ఆ రేవులో తెలియనివాళ్ళు లేరు. ఈ ఒడ్డున ఎక్కిన మనిషి ఆ ఒడ్డున దిగేలోగా వాళ్ళింటి సంగతులన్నీ కూపీ లాగేసేవాడు. అలాంటి మనిషిని కరువు ఇంట్లో కూర్చోబెట్టింది. ఏళ్ళ తరబడి వానలు మొహం చాటేశాయి. నదిలో ఇసుకే మిగిలింది. పెరట్లో బోర్లించిన పడవ కింద కోళ్ళు కాపురం పెట్టాయి.

ఈ ఏడు వానలు దంచికొట్టాయి. ఇక తాత ఆగుతాడా? కోళ్ళను అదిలించి, నలుగురిని పిలిచి పడవను రేవులోకి దించాడు. ఎక్కి కూర్చున్నాడో లేదో, బీటలిచ్చిన చెక్కల సందుల్లోంచి నీళ్ళు బుడబుడమంటూ లోపలికొచ్చాయి. ఒడ్డున జనం పడీ పడీ నవ్వారు. ఎండిన పడవను ముందు నానబెట్టాలని ఆయనకు తెలియదా? ఆత్రం, అంతే.

అసలు దిగులు వేరే ఉంది. అంత వాన కురిసినా నది మోకాలు దాటలేదు. పడవను గుమ్మం ముందు పెట్టి అందులో పూలమొక్కలు వేసుకుంటానని హోటలు యజమాని అడుగుతున్నాడు. ఇచ్చెయ్యమని ఇంట్లో అవ్వ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వానాకాలం వెళ్ళేదాకా చూద్దామని, అప్పటికీ నది లేవకపోతే ఇచ్చేస్తానని తాత ఒప్పుకున్నాడు.

పడవలో రాళ్ళు నింపి మడుగులో ముంచి, రోజూ దాని పక్కనే కూర్చునేవాడు. ఎగువ కొండ మీద పనికి వెళ్ళే కూతురు ఒక సాయంత్రం వచ్చి పక్కన చతికిలబడింది. ఇంత వాన ఎటు పోయిందని అడిగాడు.

"నేల తాగేస్తోంది నాన్నా. ఇన్నేళ్ళూ ఎండింది కదా, ఊటలన్నీ అడుగంటాయి. అవి నిండాకే మన దాకా వచ్చేది."

"ఎన్నాళ్ళు తాగుతుందే?"

"నీ పడవ నానడానికే ఇన్నాళ్ళు పడుతోంది. కొండంటే ఏళ్ళు పట్టదూ?"

తాత చెక్కను బొటనవేలితో నొక్కి చూశాడు. సందు మూసుకుంటోంది.

"అయితే కొండ మీద కూడా రాళ్ళు వెయ్యండి," అన్నాడు.

"రోజూ చేసేది అదేగా. వాగులకు అడ్డంగా పేరుస్తున్నాం, నీళ్ళు ఆగి ఇంకాలని."

వానాకాలం వెళ్ళిపోయింది. మునుపైతే చినుకు ఆగిన వారానికే ఇసుక బయటపడేది. ఈసారి ఎండలు ముదిరినా సన్నటి ధార ఆగలేదు. అవ్వకు నమ్మకం కుదరక, ధార వెంట పైదాకా నడిచి, ఊట కళ్ళారా చూసి వచ్చింది.

హోటలు యజమాని బండితో, తాళ్ళతో దిగాడు. నది లేవలేదన్నది నిజమే. మాటిచ్చిన తాత తల దించుకున్నాడు. అవ్వే బండికి అడ్డంగా నిలబడింది.

"నది ఎక్కడికీ పోలేదు బాబూ, కోలుకుంటోంది. మీ పూలకు కుండీలు కొనుక్కోండి."

నడవని పడవ ఎందుకమ్మా అని అతను గొణిగాడు.

"ఈయన పోయి దాని దగ్గర కూర్చుంటేనే నాకు ఇంట్లో కాస్త ప్రశాంతం."

బండి ఖాళీగా వెళ్ళింది. మర్నాడు తెల్లారేసరికి తాత పలుగు భుజాన వేసుకుని, కూతురికంటే ముందే కొండదారి పట్టాడు.