అంకుల్‌ గారి రెండింజన్ల విమానం

పోయిన మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయిండమ్మా. రాత్రి మంచిగనే పండుకున్నడు, పొద్దుగాల లేవలే," అన్నారు. గచ్చిబౌలిలో ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆయన. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఇప్పుడు నేనుండేది కూకట్‌పల్లిలో, ఆయన్ని చూసి కూడా చాలాకాలమైంది. అయినా ఆయన ఈ ఊళ్లో ఉన్నారన్న ధైర్యంతోనే ఇన్నేళ్లూ గడిపానని అప్పుడు అర్థమైంది.

నేను చిన్నప్పటి నుంచీ పిరికిదాన్నే. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి ఆయన మేడ మీద గది తీసుకునేసరికి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది. ఎప్పుడు బంద్ పిలుస్తారో తెలిసేది కాదు. ఆఫీసు వాళ్లు మధ్యాహ్నానికే బస్సులెక్కించి ఇళ్లకు పంపేసేవారు. నన్నెవరూ ఒక్క మాట అన్నది లేదు. అయినా నోరు విప్పితే మాది ఏ జిల్లాయో తెలిసిపోతుందని, ఆటోవాళ్లకు అడ్రసు కాగితం మీద రాసి చూపించేదాన్ని. పైగా మా ఓనరుగారి గేటుకే ఉద్యమం జెండా కట్టి ఉండేది. చేరిన కొత్తలో ఆయన ఇంట్లో మెట్లు కూడా చప్పుడు కాకుండా దిగేదాన్ని.

ఓ ఆదివారం ఆయనే పైకొచ్చి తలుపు తట్టారు.

"ఇస్త్రీ పెట్టె ఉన్నదా బిడ్డా? మాది ఖరాబైంది."

"బట్టలివ్వండి అంకుల్, నేనే చేసి పెడతాను."

"బట్టలు గాదు. ఇమానం."

కిందికి వెళ్లి చూస్తే భోజనాల బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రెక్కలు పరిచి ఉన్నాయి. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో చిన్న విమానం బొమ్మ ఒకటి చేశారట. అప్పట్నుంచి, రిమోటుతో నడిచే రెండింజన్ల విమానం చేసి ఎగరేయాలని ఆయన కోరిక. దాని ఒళ్లంతా దూదంత తేలికైన చెక్కతో కట్టారు. దాని మీద పల్చటి రంగు షీటు పరిచి ఇస్త్రీ చేస్తే అది బిగుసుకుంటుంది. వేడి ఎక్కువైతే చిరుగుతుంది, తక్కువైతే బుడగలొస్తాయి. ఆ పని నా మీద పడింది. సెలవు దొరికితే చాలు, నేను కిందే ఉండేదాన్ని. ఆంటీ విసుక్కుంటూనే మా ఇద్దరికీ నేల మీద వడ్డించేవారు.

"రెండింజన్లెందుకండీ, ఒకటి చాలదా?" అని అడిగానోసారి.

"ఒకటే ఉంటే, అది ఆగినా ఇమానం గాల్ల తేలుకుంట దిగుతది. రెండిట్ల ఒకటి ఆగిందనుకో, నడిచేది ఊకుంటదా? గిర్రున తిప్పి నేలకు కొడ్తది."

"అమ్మో. మరి?"

"మరేంది, భయమైతది. అయినా గావాలె."

మా ఆఫీసులో ఒకతను ఈ సంగతి విని, ఒక ఇంజను ఆంధ్రా, ఒకటి తెలంగాణా అని పేర్లు పెట్టాడు. అంకుల్‌కి చెబితే నవ్వలేదు. "ఇంజన్లకు మన లొల్లి అంటియ్యకుర్రి," అన్నారు.

నాకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. "నాకు దూరపుచూపు ఆనది బిడ్డా. గాల్ల ఉన్నప్పుడు ఏ ఇంజను ఆగిందో నువ్వు చూసి ఒర్రాలె, గట్టిగ. అంత నీ నోటి మీదనే ఉన్నది." నోరు తెరవడానికే హడలిపోయే మనిషికి అప్పజెప్పిన పని అది. గదిలో తలుపేసుకుని "ఎడమ, కుడి" అని సాధన చేశాను. నా గొంతు నాకే వినిపించేది కాదు.

మొదటిసారి ఎగరేయడానికి ఆయన బంద్ రోజే ఎంచుకున్నారు. రాయదుర్గం వైపు రాళ్లగుట్ట కింది జాగాలో ఆ రోజైతే ఎవరూ ఉండరని ఆయన లెక్క. బండి తీస్తే ఆపుతారని నడిచే బయల్దేరాం. గేటు దగ్గర ఆంటీ ఆపారు. కొత్త బండికి చేసినట్టే ఇంజన్లకు తడి పసుపు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. చక్రాల కంటే నిమ్మకాయలే పెద్దవి. ఆ పొద్దు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

గుట్ట కింద ఆయన రెండింజన్లూ తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, రెండు చప్పుళ్లూ ఒక్కటే అయ్యేదాకా మరలు సవరించారు. విమానం నేల వదిలింది. చాలా అందంగా లేచింది, నేను మాత్రం లోలోపల "ఎడమ, కుడి" అనుకుంటూనే ఉన్నాను. అది రెండో చుట్టు తిరుగుతుండగా గుట్ట పక్క రోడ్డు మీద నినాదాలు వినిపించాయి. ఊరేగింపు వస్తోంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ల చప్పుడు సగమైంది. విమానం ముక్కు రోడ్డు వైపు తిరిగిపోయింది.

"ఏది? ఏదాగింది?"

నేను రోడ్డు వైపే చూస్తున్నాను.

"చెప్పు బిడ్డా."

ఎడమో కుడో నాకు తెలియలేదు. కనిపిస్తున్నదల్లా మనుషుల తలలే. "జనం అండీ! కింద జనం ఉన్నారు, పిల్లలున్నారండీ," అని అరిచాను.

ఏదాగితేనేం, నడుస్తున్న ఇంజను కూడా ఆపేశారాయన. తిరగడం ఆగింది. అలాగే తేల్చి వదిలితే జనం మీదుగా దాటి అవతల ఖాళీలో దిగేదేమో, విమానం దక్కేదేమో. దాటకపోతే? ఆయన ముక్కు వంచి, రోడ్డుకు ఇవతలే బండల మధ్య తుమ్మపొదల్లోకి దింపేశారు. చెక్క విరిగిన చప్పుడు చిన్నగానే వినిపించింది.

దగ్గరికి వెళ్లి బండ మీద కూర్చున్నాం. ఆయన "నాకు గూడ భయమైంది, నీకన్న ఎక్కువ," అన్నారు. ఆగిన ఇంజను తిప్పి చూస్తే, గాలి పీల్చే రంధ్రంలో పసుపు ముద్ద అడ్డంపడి ఉంది. "ఆంటీకి చెప్పకు. ఆయిలు మంచిగ లేకుండె అందాం," అన్నారు. ఇన్నేళ్లూ చెప్పలేదు. మొన్న వెళ్లినప్పుడు చెబితే ఆంటీ ఏడుస్తూనే నవ్వారు.

ఇంటికి రావాలంటే ఆ రోడ్డు దాటాలి. విరిగిన ముక్కలు సంచిలో వేసుకున్నాం. ఒక్క రెక్క మాత్రం చెక్కుచెదరలేదు. దాని ముందు కొస ఆయన, వెనక కొస నేను పట్టుకున్నాం. "జర జరుగుర్రి బిడ్డా," అంటూ ఆయన జనంలోకి నడిచారు. ఆయన వెనక జనం మళ్లీ కలిసిపోయారు. ఎవరి భుజమో రెక్కను నొక్కుతోంది. ఇక మాట్లాడక తప్పలేదు.

"కాస్త పక్కకి జరగండి బాబూ, రెక్క ఇరిగిపోద్ది."

జెండా పట్టుకున్న అతనొకడు తిరిగి నా మొహంలోకి చూశాడు. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

"కాకినాడండి," అన్నాను.

అతను జెండా చంకలో పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం చాపాడు. "ఆగుర్రి. అమ్మను పోనియ్యుర్రి," అన్నాడు.

జనం విడిపోయారు. అవతల అంకుల్ రెక్క వదలకుండా నిలబడి ఉన్నారు. వెనక్కి తిరగలేదు. నా వణుకు ఆ చెక్కలోంచి ఆయన చేతికి తెలుస్తూనే ఉండాలి. నేను అడుగు వేసేదాకా ఆయన వేయలేదు.