మగ్గం దగ్గర మాత్రమే మొరాయించిన చేయి

అది 2001వ సంవత్సరం. గుంటూరు కొత్తపేటలో ఒక సైకియాట్రిస్టు గారి దగ్గర క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మందులు రాయడం ఆయన పని, పేషెంటుతో కూర్చుని మాట్లాడటం నా పని. నా గది కిటికీ రోడ్డు వైపుకి ఉండేది. పత్తి రోజుల్లో దూది కుక్కిన గోనె బోరేలతో లారీలు వెళ్తుంటే కిటికీ చువ్వలకి దూది అంటుకునేది.

ఆ నవంబరులో చీరాల దగ్గర పల్లె నుంచి ఒక చేనేత దంపతులు వచ్చారు. ఆమె పేరు రత్నమ్మ, నలభై దాటిన మనిషి. భర్త సుబ్బారావు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, చెరొకటి నేసేవాళ్లు. కొన్ని నెలలుగా ఆమె మగ్గం ఆగిపోయింది.

“మగ్గంలో కూర్చుంటేనే అండి,” అన్నాడు సుబ్బారావు. “కుడిచేత్తో నాడెని అటూ ఇటూ పరిగెత్తించే తాడు పట్టుకోగానే వేళ్లు కొక్కెంలాగా ముడుచుకుపోతాయి. లేచి వస్తే మామూలే. కూర తరుగుద్ది, బట్టలుతుకుద్ది, నూలు కండెలు కూడా చుట్టుద్ది. ఎవరన్నా ఏమన్నా చేశారేమోనని తాయెత్తు కూడా కట్టించాం.”

రత్నమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరిదో చేయి చూసినట్టు చూసుకుంటోంది.

ఒకే పని చేసే వేళ్లకి వచ్చే నరాల జబ్బు ఒకటుంది. అది కాదని నరాల డాక్టరు తేల్చాకే మా దగ్గరికి పంపారు. మా భాషలో దీన్ని కన్వర్షన్ డిజార్డర్ అంటాం. నోటితో చెప్పుకోలేని బాధ ఒంట్లో లక్షణమై బయటపడుతుంది. నటన కాదు. ఆ సమయంలో ఆమెకి చేయి నిజంగానే రాదు.

శనివారం సాయంత్రాలు క్లినిక్‌లో కేసుల గురించి మాట్లాడుకునేవాళ్లం. డాక్టరుగారిది పాత పద్ధతి, సైకోఅనాలిసిస్. మనిషి తీరంతా చిన్నతనంలోనే తయారవుతుందనీ, మరిచిపోయామనుకున్నది లోపల పనిచేస్తూనే ఉంటుందనీ ఆయన నమ్మకం. “ఆ అమ్మాయి బాల్యం అడుగమ్మా,” అన్నారు. ఆమెకీ నాకూ వయసులో పెద్ద తేడా లేకపోయినా ఆయనకి అందరమూ అమ్మాయిలమే.

కాలేజీలో సైకాలజీ చెప్పే మూర్తిగారు కూడా వచ్చేవారు. ఆయన బిహేవియరిజం మనిషి. “లోపల ఏముందో మనకి కనపడదండీ. పైకి కనపడేది ప్రవర్తన. అది నేర్చుకున్నది, కాబట్టి మార్చొచ్చు. ఆ చేయి రాకపోవడం వల్ల ఆవిడకి ఏం కలిసొస్తోందో అది చూడండి,” అనేవారు.

నాకేమో ఎదుగుదల జీవితమంతా సాగుతుందని చెప్పే సిద్ధాంతం ఇష్టం. ఒక్కో వయసులో మనిషి ఒక్కో ప్రశ్నకి జవాబు వెతుక్కుంటాడు. నడివయసులో ఆ ప్రశ్న, నా తర్వాత వాళ్లకి నేనేం ఇస్తున్నాను అని. ఇవి కాక హ్యూమనిస్టిక్ పద్ధతి ఒకటుంది. తప్పొప్పులు ఎంచకుండా వింటే మనిషి తన దారి తనే కనుక్కుంటాడంటుంది. పరీక్షల కోసం వీటి పోలికలూ తేడాలూ అడ్డగీతలూ నిలువుగీతలూ కొట్టి రాసుకున్నదాన్ని. ఇప్పుడు నా ఎదుట ఉన్నది ఒక చేయి.

ఇంట్లో మగ్గం ఆగి ఉంది కాబట్టి త్వరగా ఫలితం ఇచ్చే మూర్తిగారి పద్ధతే మొదలుపెట్టాం. ముందు నేత లేకుండా ఊరికే మగ్గంలో కూర్చోవాలి. అది అలవాటయ్యాక తాడు ముట్టుకుని వదిలేయాలి. తర్వాత ఖాళీ నాడె ఆడించాలి. చేయి ముడుచుకున్నా ఇంట్లో ఎవరూ హడావుడి పడకూడదు. రత్నమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. సంక్రాంతి పోయేసరికి జానెడు బట్ట నేసింది.

మరుసటిసారి సుబ్బారావు ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

“మీ చలవ డాక్టరమ్మా. నిన్న పొద్దుటి నుంచీ రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. ఇక కండెలే చాలట్లేదు. అమ్మాయిని కాలేజీ మాన్పించి రాట్నం దగ్గర కూర్చోబెడితే సరిపోద్ది.”

వాళ్లకి ఒక్కతే కూతురు, జ్యోతి. చీరాలలో ఇంటర్ మొదటి సంవత్సరం. కండెలంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు. రెండు మగ్గాలకి చుట్టాలంటే ఒక మనిషి పూర్తిగా దానిమీదే ఉండాలి. ఒక్క మగ్గమే అయితే రత్నమ్మ చుట్టగలదు.

అతను ఆ మాట అంటుండగానే నా చూపు ఆమె ఒడిలోకి పోయింది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకుంటున్నాయి. అక్కడ మగ్గమూ లేదు, తాడూ లేదు.

సుబ్బారావుని బయట కూర్చోమన్నాను.

“రత్నమ్మగారూ, ఇప్పుడేమనిపించింది?”

కిటికీ వైపు చూసింది. “ఏమీ లేదండి.”

నేను ఇంకేమీ అడగలేదు. కూర్చున్నాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

“నేను ఐదో తరగతి చదివానండి. మా నాన్న రెండో మగ్గం వేసినరోజు పలక పక్కన పెట్టించి రాట్నం ముందు కూర్చోబెట్టాడు. ఏడవలేదు. మా ఇళ్లల్లో అంతేలే అనుకున్నా. జ్యోతి పొద్దున్నే జడేసుకుని బస్సుకి పరిగెత్తుద్ది. అది కనపడినంతసేపూ గుమ్మంలో నుంచుంటా.”

“ఈ సంగతి ఆయనతో ఎప్పుడైనా అన్నారా?”

“ఆయన మంచోడే. కొట్టడు, తిట్టడు. కానీ ఇది అనే మాట కాదు కదండీ. పదో తరగతిదాకా బడి ముందూ వెనకా పిల్లే కండెలు చుట్టేది, అది అవగానే పూర్తిగా కూర్చోబెడదామన్నాడు. నాకు చేయి రాకుండా పోయాక, ఎలాగూ ఒక మగ్గమేగదా, నువ్వే చుట్టు, పిల్ల వెళ్లనీ అన్నాడు.” అని, తను అన్న మాట తనే విన్నట్టు ఉలిక్కిపడింది. “అమ్మో! కావాలని చేశానా డాక్టరమ్మా?”

“లేదు. మీరు చేయలేదు,” అన్నాను. “కానీ చెప్పాల్సింది ఇప్పుడు మీరే చెప్పండి.”

భర్తని లోపలికి పిలిచాను. ఆమె తల వంచుకునే అంది.

“మావా, పిల్లని మాన్పించొద్దు.”

“ఎవరు చుడతారే మరి?”

“ఏమో. అది మాత్రం కూర్చోకూడదు. నేను కూర్చున్నాను, చాలు.”

సుబ్బారావు ఆమెని వింతగా చూశాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె నోటి నుంచి ‘వద్దు’ విన్నది అదే మొదటిసారేమో.

“ఇంత మాట లోపల పెట్టుకున్నావా? ముందే అనొచ్చుగా.”

“అంటే వినేవాడివా?”

అతను వెంటనే వింటానని అనలేదు. అందుకే అతనంటే నాకు గౌరవం. “ఏమో, వినేవాణ్ణి కాదు,” అన్నాడు. ముడుచుకున్న ఆమె చేతిని అందుకుని, వేళ్లు ఒక్కోటీ విప్పడానికి ప్రయత్నించాడు. నేను లేచి మంచినీళ్ల కోసం బయటికొచ్చాను.

తర్వాత సంగతులు సులువుగా ఏమీ జరగలేదు. పక్కింటి ముసలమ్మ చేత కొన్ని కండెలు చుట్టించుకున్నారు. తెల్లవారుజామున సుబ్బారావు కొన్ని చుట్టేవాడు. రత్నమ్మ మధ్యాహ్నం దాకా మాత్రమే నేసేది. డబ్బుకి ఇల్లు ఇరుకునపడిన నెలల్లో అతను మళ్లీ కూతురిని కాలేజీ మాన్పించే మాట ఎత్తాడట. అప్పుడు ఆమె చేయి మామూలుగానే ఉంది. నోటితోనే వద్దంది. జ్యోతి డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చదివి, వేటపాలెం వైపు ఒక స్కూల్లో లెక్కలు చెబుతోందని కొన్నేళ్ల తర్వాత తెలిసింది.

రత్నమ్మ నోరు విప్పిన ఆ వారం, శనివారం సాయంత్రం మా ముగ్గురి మధ్యా పెద్ద వాదనే జరిగింది. బాల్యమే కారణమని డాక్టరుగారు. జ్యోతి కాలేజీ ఆగకపోవడమే ఆ లక్షణానికి దొరికిన ఫలితమని మూర్తిగారు. నడివయసు తల్లి, కూతురి బతుకు గురించి వేసుకున్న ప్రశ్న అని నేను. మేం ముగ్గురం చెప్పిందీ నిజమే. ఏ ఒక్కటీ విడిగా చాలలేదు. తను నోరు విప్పాక, ఆ మాట వినాల్సిన మనిషి విన్నాకే రత్నమ్మ చేయి నిలకడగా బాగుపడింది.

ఆ తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. ఏ పేషెంటు వచ్చినా, ఈ బాధ ఎందుకొచ్చిందని అడగడానికి ముందు ఇంకొకటి అడుగుతాను: “ఇది రేపు పొద్దుటికల్లా పూర్తిగా తగ్గిపోయిందనుకోండి. మీ ఇంట్లో ఏం మారుతుంది? ఎవరికి మారుతుంది?” చాలామంది నవ్వి జవాబు చెప్పేస్తారు. కొందరు మాత్రం ఆగిపోతారు. అప్పుడు నేను కలం పక్కన పెట్టి వింటాను.